వండూర్ ఒడ్డున నేను బొట్టు పెట్టింది దేనికి?

ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా రేపు నా గంపలో చేప ఒక్కటీ అమ్ముడుపోకూడదు. చేపలమ్ముకుని బతికేదాన్ని, ఇంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు. నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి... మధ్యలో నవ్వితే చెప్పను.

పెళ్లయిన కొత్త. శ్రీకాకుళం వైపు మా ఊరి నుంచి ఓడలో వాంతులు చేసుకుంటూ వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. దిగిన రోజే తేల్చి చెప్పాను, నేనిక్కడ ఉండనని. చుట్టూ నీళ్లు, అడవి, జలగలు, నోరు తిరగని హిందీ. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోయే ఊరు. అమ్మ దగ్గరికి పంపించెయ్యమని మూడు రోజులు అన్నం ముట్టలేదు. నిజం చెప్పొద్దూ, రెండో రోజు దొంగతనంగా ఇంత తిన్నాను.

మా ఆయన అరిచే మనిషి కాదు. "సరేలే. మళ్లీ ఓడకి ఎనిమిది రోజులుంది. ఈలోగా ఊరంతా తిప్పి సూపిత్తాను. అప్పుటికీ మనసు కుదరకపోతే నానే దగ్గరుండి ఎక్కిత్తాను, పక్కా," అన్నాడు. ఆయన తెలుగులో సగం హిందీయే.

అన్నట్టే తిప్పాడు. రాత్రి చేపల వేటకు వెళ్లి, తెల్లారి వచ్చి, రెండు గంటలు పడుకుని నన్ను బయల్దేరదీసేవాడు. అబర్డీన్ బజార్లో గాజులు, జిలేబీ. చాథమ్ మిల్లులో ఏనుగంత దుంగలు కోస్తుంటే ఎర్రటి పొట్టు ఎగిరి నా జడ నిండా పడింది. ఫీనిక్స్ బే జెట్టీ మీద కూర్చుని టీ తాగుతూ, దీవులకు పోయే బోట్లెక్కే జనాన్ని చూడటం బాగానే ఉండేది. టికెట్ల దగ్గర తోపులాట, కోడిని చంకన పెట్టుకుని ఎక్కే ఆడవాళ్లు, తిట్లు... బాగుందని ఆయనతో మాత్రం అనలేదు. అంటే ఓడిపోయినట్టే కదా.

ఎనిమిదో రోజు వండూర్. మర్నాడే ఓడ. పెట్టె సర్దేసి, తాడు కట్టి ఉంచాను.

వండూర్ ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెడతాయని ఆయనే చెప్పాడు. మా వైపు బెస్తవాళ్లకు తాబేలంటే కూర్మనాథుడే. వలలో పడితే పసుపు కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి నీళ్లలో వదిలేస్తాం. నేను కొంగున పసుపు, కుంకుమ పొట్లాలు ముడివేసుకుని బయల్దేరాను. తాబేలు కనిపిస్తే బొట్టు పెట్టి, నన్ను ఓడెక్కించి అమ్మ దగ్గరికి చేర్చమని మొక్కుకుందామని. ఆయన మంచితనం చూసి నా మనసెక్కడ మారిపోతుందోనని నా భయం.

సూర్యుడు నీళ్లలోకి దిగాడు. అంతే... చీకటి. టార్చిలో సెల్లులు అయిపోయాయి.

"రోడ్డు మీద టీకొట్లో లాంతరు అడిగి తెత్తాను. ఇక్కడే కూకో, కదలకు. ఇంత జల్దీ తాబేళ్లు రావులే," అని ఆయన వెళ్లాడు.

ఒక్కదాన్నే. వెన్నెల లేదు. నా చెయ్యి నాకే కనబడలేదు. ముందు అలలు మెల్లగా... వెనక అడవిలో కీచురాళ్లు.

ఉన్నట్టుండి కీచురాళ్లు ఆగిపోయాయి.

సర్ర్... తప్.

సర్ర్... తప్.

ఇసుక తవ్వుతున్న చప్పుడు. పది అడుగుల దూరం కూడా ఉండదు. ఇసుక వచ్చి నా మొహం మీద పడింది. తడి ఇసుక. తర్వాత ఒక ఊపిరి... పెద్ద ఊపిరి. పనంతా ముగించుకుని గుమ్మంలో కూలబడిన ముసలామె వదిలినట్టు. భయం వేయలేదంటే అబద్ధం. అయినా స్వామి నా కోసమే వచ్చాడనుకున్నాను. మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లాను. చెయ్యి చాపాను...

తగిలింది.

చల్లగా. తడిగా. గరుకుగా. రెండు చేతులూ బార్లా చాపినా అంచు అందలేదు. అది ఊపిరి పీల్చినప్పుడల్లా నా అరచేయి పైకి లేస్తోంది... మళ్లీ దిగుతోంది. తాబేలు చిప్ప అలా పొంగుతుందా? అప్పుడా ఆలోచనే రాలేదు.

పసుపు రాశాను. మధ్యలో కుంకుమ. కళ్లు మూసుకుని, నన్ను ఓడ... అనబోయాను.

తవ్వడం ఆగింది. ఊపిరీ ఆగింది. నేనేం అడుగుతానా అని వింటున్నట్టుంది.

ఆ చీకట్లో కళ్ల ముందుకొచ్చింది అమ్మ కాదు. రోజూ రాత్రి ఇంత నల్లటి నీళ్ల మీదికి చిన్న పడవలో పోయే మనిషి. ఎనిమిది రోజులు నిద్ర మానుకుని నన్ను తిప్పిన మనిషి. నేను వెళ్లిపోతే, తిరిగొచ్చాడా లేదా అని చూసే దిక్కు కూడా ఉండదు ఆయనకు. దుఃఖం వచ్చేసింది. గొంతులోంచి వేరే మాట వచ్చింది.

"మా మావ నీళ్ల మీదకి ఎన్నిసార్లు పోతే అన్నిసార్లూ... ఇంటికి తోలుకొచ్చీ సామీ."

నా చేతి కింద అది మెల్లగా ఊపిరి వదిలింది. వెచ్చగా ముంజేతికి తగిలింది.

"నూకాలూ! ఒలే నూకాలూ!" లాంతరు ఊపుకుంటూ ఆయన వస్తున్నాడు.

"సప్పుడు సెయ్యకు మావా. సామి ఇక్కడున్నాడు."

"ఏడీ? నీ సెయ్యి ఇసక మీదుందేటే?"

కళ్లు తెరిచాను. నా అరచేయి చదునైన ఇసుక మీద ఉంది. గుంట లేదు. తాబేలు పాకితే బండి పోయినంత జాడ పడుతుంది, అదీ లేదు. నా మోకాళ్ల గుర్తులు... అంతే. లాంతరు పట్టుకుని ఒడ్డంతా వెతికాం. దుంగ లేదు, రాయి లేదు. పసుపు గానీ కుంకుమ గానీ ఇసుక మీద ఒక్క రవ్వ లేదు. పొట్లాలు మాత్రం ఖాళీ.

"మొసలేమో... అరే బాప్ రే, మొసలేమో నూకాలూ!" అని ఆయన నన్ను గట్టిగా పట్టుకున్నాడు. మొసలైతే నా చెయ్యి మిగిలేదా? దానికి మాత్రం జాడ ఉండొద్దూ? పోనీ భ్రమ అనుకుందామంటే, బస్సులో దారి పొడుగునా నా జుట్టులోంచి తడి ఇసుక రాలుతూనే ఉంది. ఆయనే దులిపాడు.

పొద్దున్నే పెట్టె భుజానికెత్తుకున్నాడు. నా మొహం చూడకుండా, "పద. ఓడకి టైమైపోతంది," అన్నాడు.

"దించు మావా."

"ఏటి?"

"పెట్టి దించమంటన్నాను. సెవుడా?"

దించి, దాని మీదే కూలబడి, పిచ్చివాడిలా నవ్వాడు. ఊరు నచ్చి ఉండిపోయానని ఈనాటికీ అనుకుంటాడు. జిలేబీ వల్లేనని తోటివాళ్ల దగ్గర ఆటపట్టిస్తాడు. అననివ్వండి. నేనేం మొక్కుకున్నానో ఆయనకు చెప్పలేదు.

తర్వాత నలభై ఏళ్లు వేటకు పోయాడు. గాలివానల్లో చిక్కుకున్నాడు. ఒకసారి జతగా వెళ్లిన రెండో పడవ రాలేదు, ఈయన పడవ వచ్చింది. ఇప్పుడు లోపల గురక పెడుతున్నాడు, వినబడుతోందా? ఆ గురక వింటూ నేను హాయిగా నిద్రపోతాను. నాకింకేం కావాలి?

కానీ మొక్కు తీరితే చెల్లించుకోవాలి కదా. ఇద్దరం ఓడెక్కి శ్రీకూర్మంలో కూర్మనాథుడి గుడికి వెళ్లాం. కొబ్బరికాయ కొట్టాను. స్వామి ఎదుట నిలబడి, కళ్లు మూసుకుని, అరచేయి చాపి చూసుకున్నాను... ఆ ఊపిరి తగల్లేదు. నేను ఆ రోజు బొట్టు పెట్టింది స్వామికి కాదేమోనని మొదటిసారి అనిపించింది అక్కడే.