నవ్వొచ్చింది, పోగు రాలేదు

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లున్నాయనగా, ఒక వానాకాలంలో, సుబేదారిలోని ఒక చిన్న ఫిజియోథెరపీ కేంద్రంలో నన్ను సీనియర్‌గా వేశారు. పక్షవాతం వచ్చి దవాఖాన నుంచి ఇంటికి చేరినవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. చెయ్యీ కాలూ సాగదీయించడం ఒక ఎత్తు, వంకరపోయిన మూతికి కసరత్తు చేయించడం ఒక ఎత్తు. అద్దం ముందు కూర్చోబెట్టి నవ్వమని, పెదాలు సున్నాలా చుట్టమని రోజూ చెప్పాలి. ఎవరికైనా విసుగే.

సాంబయ్య మగ్గం మీద తువ్వాళ్లు నేసేవాడు. అరవై దాటాయి. చెయ్యి తొందరగానే స్వాధీనంలోకి వచ్చింది గానీ మూతి కుడివైపు కదల్లేదు. అద్దం చూడనని మొండికేశాడు. నేను అంతకంటే జగమొండిని. నా ట్యాబ్‌లో పాత మూగ సినిమాలుండేవి. ఒక లావాటాయన, ఒక బక్కాయన, అంతా నలుపు తెలుపు. చిన్నప్పటి నుంచీ నాకు వాళ్లంటే ప్రాణం. బక్కాయన భుజాన నిచ్చెనతో గిర్రున తిరుగుతాడు, లావాటాయన టోపీ ఎగిరిపోతుంది. టోపీ తీసుకుని లేచేసరికి నిచ్చెన మళ్లీ తిరిగొస్తుంది. సాంబయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. మూతి రెండువైపులా సమానంగా సాగింది. నేనూ నవ్వుతూనే కేసు షీటులో ముఖ కండరాలు కోలుకున్నాయని రాసి, ఇక రానక్కర్లేదని పంపేశాను.

వారం తిరక్కముందే భార్య లచ్చమ్మతో మళ్లీ వచ్చాడు. పేకపోగును అటూ ఇటూ దాటించే చెక్క పనిముట్టు నాడె. అందులో కొత్త నూలు కండె వేసినప్పుడల్లా, దాని చిన్న కంతలోంచి పోగును పెదాలతో పీల్చి బయటికి లాగాలి. ఇప్పుడా పని లచ్చమ్మ చేస్తోందట.

"నవ్వుతాన గద మేడం, గని పీలుస్తె గాలే వస్తాంది, పోగు వస్తలేదు. గది కూడ ఆమెనే చేస్తే నేనెందుకు మగ్గం మీద?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. దానంతటది వచ్చే నవ్వుకు మెదడులో ఒక దారి, కావాలని కదిపే పెదాలకు ఇంకో దారి. కాలేజీలో చదువుకున్న పాఠమే. పరీక్షించాల్సిన వేళ సినిమా చూస్తూ కూర్చున్నాను. షీటులో నా రాత కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, మొదటి నుంచి మొదలుపెట్టాను.

నాడె తెచ్చుకోమన్నాను. సినిమా మానలేదు, వాడే తీరు మార్చాను. నిచ్చెన తిరగబోతుండగా ఆపేసేదాన్ని. పెదాలు చుట్టి పదిసార్లు స్ట్రాతో నీళ్లు పీలిస్తేనే ముందుకు. గింత అన్యాలమా అని గొణుక్కుంటూనే పీల్చేవాడు. గడ్డం మీద కారిన నీళ్లు లచ్చమ్మ తుడిచేది. మానేద్దామని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

రెండో నెలలో ఒక ఉదయం స్ట్రా పక్కన పడేసి నాడె అందుకున్నాడు. మూడుసార్లు రాలేదు. నాలుగోసారి పోగు కొస పెదాల మధ్య కనిపించింది. లచ్చమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు కేక పెట్టాలన్నంత సంతోషం. సినిమా ఇంకా సగముంది, కూర్చోమన్నాను. ఆయన అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

"మీరు చూడుండ్రి మేడం, నాకు పనున్నది."

ఆ తర్వాత నేను ఎవరినీ, వాళ్లు చేసే పనిని నా కళ్లముందు చేయించకుండా, కోలుకున్నారని రాసి పంపలేదు.