సేట్ కారుకు సాదా పెట్రోల్

నర్సింహ ఇప్పుడు జల్‌పల్లిలో నీళ్ల ట్యాంకర్ నడుపుతున్నాడు. కొత్త కాలనీల్లో బోర్లు ఎండిపోయిన ఇళ్లకు నీళ్లు పోసి, పైపు చుట్టుకుని, మళ్లీ నింపుకోవడానికి వెళ్తాడు. అరవై దాటిన మనిషి. ఇంతకుముందు ఏం చేసేవాడివని ఎవరైనా అడిగితే బేగంబజార్‌లో డ్రైవర్‌గా ఉండేవాడినని చెబుతాడు. ఎందుకు మానేశావంటే చూపు మందగించిందంటాడు. అది నిజం కాదు. చూపు మందగించినవాడికి ఆ గల్లీల్లో ట్యాంకర్ ఎవరూ ఇవ్వరు.

బేగంబజార్‌లో ప్రహ్లాద్ సేట్‌ది స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం. నర్సింహ పెళ్లి కాకముందే అక్కడ చేరాడు. మొదట దుకాణం వ్యాను నడిపాడు, తర్వాత ఇంటి కార్లు. సేట్ కొడుకు నిఖిలేష్‌ను బడికి దింపింది అతనే, కాలేజీకి దింపింది అతనే, పెళ్లి బరాత్‌లో బండి నడిపిందీ అతనే. వయసు మీద పడ్డాక కూడా పొద్దున్నే షేర్ ఆటోలో చాంద్రాయణగుట్ట, అక్కడి నుంచి బస్సులో అఫ్జల్‌గంజ్ చేరి, మూసీ వాసన ముక్కులో ఉండగానే దుకాణం షట్టర్ ముందు నిలబడేవాడు.

కరోనా రెండోసారి వచ్చి తగ్గిన ఏడాది నిఖిలేష్ ఒక విదేశీ కారు కొన్నాడు. నీలం రంగుది. ఇంజిన్ నడుస్తున్నదో లేదో బయటివాళ్లకు తెలిసేది కాదు. తాళం చేతికిస్తూ నిఖిలేష్ ఒక్కటే చెప్పాడు.

"నర్సింహన్నా, గీ బండికి సాదా పెట్రోల్ వద్దు. తొంభై ఐదుదే కొట్టియ్యి. పైసలు బాపు దగ్గర తీస్కో. యాది మర్వకు."

పెట్రోల్‌కు ఆక్టేన్ అని ఒక అంకె ఉంటుంది. ఇంజిన్ లోపలి ఒత్తిడికి పెట్రోల్ తన వేళ రాకముందే అంటుకోకుండా ఎంతవరకు తట్టుకుంటుందో ఆ అంకె చెబుతుంది. అప్పట్లో బంకుల్లో సాదా పెట్రోల్‌ది తొంభై ఒకటి. ఈ కారు కనీసం తొంభై ఐదు కావాలంటోంది. పెట్రోల్ పోసే మూత లోపల స్టిక్కర్ మీద ఆ అంకె అచ్చేసి ఉంది. నర్సింహ చదివాడు.

మరునాడు పెట్రోల్ పైసల కోసం, దుకాణంలో సేట్ పరుపేసుకుని కూర్చునే గద్దె దగ్గరికి వెళ్లాడు. ఆ ఇంట్లో ఏ ఖర్చుకైనా ప్రహ్లాద్ సేట్ తన చేత్తోనే తీసి ఇస్తాడు. సంగతి విని సేట్ నవ్వాడు. పక్కనున్న మూడు టిఫిన్ డబ్బాలు ముందుకు జరిపాడు.

"ఇండ్ల ఏది మంచిది చెప్పు."

"ఎర్ర స్టిక్కర్‌ది పిరం గదా సేటూ. గదే మంచిదుంటది."

"మూడూ ఒక్క ఫ్యాక్టరీల తయారైనయి. ఒక్క రేకు, ఒక్క మెషిన్. స్టిక్కర్లు మన గోదాంల అతికిచ్చినయి. పెట్రోల్ గూడ గంతే నర్సింగా. ఒక్క ట్యాంకర్‌లకెల్లి దిగుతది, జర రంగు కలిపి పేరు మారుస్తరు. నలభై ఏండ్ల సంది స్టిక్కర్లు అమ్ముకుంట బతికెటోన్ని, నాకే స్టిక్కర్ అమ్ముతరా?"

"మూత లోపల గూడ తొంభై ఐదని రాసున్నది సేటూ."

"రాయకుంటే ఎట్ల అమ్ముడువోతది? మన గిన్నెల మీద జిందగీ భర్ గ్యారంటీ అని రాసుంటది. ఎవరు రాసిండ్రు? నేనే రాపిచ్చిన. సాదాదే కొట్టియ్యి."

"మరి చిన్న సేట్ అడిగితే?"

"ఆ తొంభై ఐదుదే కొట్టిచ్చిన అను. ఇంట్ల లొల్లి ఎందుకు?"

ఆ బజార్లో పాత దుకాణాలది ఒక పద్ధతి. గద్దె మీద కూర్చున్న పెద్దాయన పనివాడితో అన్న మాట కొడుకు దగ్గరికైనా, కోడలి దగ్గరికైనా చేరకూడదు. చేరవేసినవాడికి ఆ గల్లీలో ఇంకో దుకాణం కూడా పని ఇవ్వదు. నర్సింహ దాన్ని అన్నేళ్లూ పాటించాడు. పైగా సేట్ చెప్పింది అతనికీ సబబుగానే తోచింది. స్టిక్కర్లు అతికించడం తన కళ్లతో చూసినవాడే.

వాళ్లు ఎప్పుడూ పోయించుకునే బంకులో ధూల్‌పేట్ నుంచి వచ్చే అమల పైపు పట్టేది. మొదటిసారి నీలం కారు వచ్చి సాదా పెట్రోల్ దగ్గర ఆగితే ఆమె చుట్టుపక్కల వాళ్లందరికీ వినిపించేలా అంది.

"ఏందన్నా గిది? పెండ్లికొడుకును కూసోవెట్టి సద్దన్నం పెడ్తున్నవా?"

"నువ్వు కొట్టవ్వా. అది అదే తింటది."

"పెద్దోళ్ల బండ్లు మస్తు నకరాలు చేస్తయంట. రేపు మొండికేస్తే నన్ననకు మల్ల."

బండి చాలాకాలం మొండికేయలేదు. అఫ్జల్‌గంజ్ నుంచి బేగంబజార్, అక్కడి నుంచి ఇల్లు. ఆ ట్రాఫిక్‌లో ఏ ఇంజిన్‌కూ కష్టపడే అవకాశం రాదు. నిఖిలేష్ అప్పుడప్పుడు అడిగేవాడు. నర్సింహ తలూపేవాడు. మొదట్లో తలూపినప్పుడు చూపు పక్కకు తిప్పుకునేవాడు. తర్వాత అదీ అలవాటైంది.

ఆ రోజుల్లోనే దుకాణంలో ఇంకో సంగతి నడుస్తోంది. ప్రహ్లాద్ సేట్ ఒక పెద్ద ఆర్డర్‌ను పొరపాటున రెండుసార్లు చెప్పాడు. అమ్ముడుపోని కుక్కర్లతో గోదాం నిండిపోయింది. నిఖిలేష్ నలుగురు వ్యాపారుల ముందే, "బాపూ, ఇగ నువ్వు ఇంట్ల కూసో, నేను చూసుకుంట" అన్నాడు. సేట్ మర్నాడు రోజూకంటే ముందే వచ్చి గద్దె మీద కూర్చున్నాడు.

ఎండాకాలం ఒక ఆదివారం నిఖిలేష్ తన తల్లి విమలాదేవిని, భార్యాపిల్లలను ఎక్కించుకుని శ్రీశైలం బయలుదేరాడు. బండి తనే నడిపాడు. ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్‌లోంచి గింజలు వేగుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఏసీ వేసుకుని, నిండు బరువుతో, పైకి తొక్కుకుంటూ పోయాడు. ఒక మలుపులో బండి రెండుసార్లు అదిరి ఆగిపోయింది. విమలాదేవి రాతిగోడ మీద కొంగు కప్పుకుని మిట్టమధ్యాహ్నం దాకా కూర్చుంది. ఆమెకు వడదెబ్బ తగిలింది. ఇంటికొచ్చాక మంచం పట్టింది, కోలుకుంది.

ఇంజిన్ కోలుకోలేదు. సర్వీసు సెంటర్‌లో విప్పి చూసి పిస్టన్ పగిలిందన్నారు. ఏ పెట్రోల్ వాడుతున్నారని అడిగారు. పెట్రోల్ ఒక్కటే కారణమా, ఇంకేమైనా ఉందా అనేది ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ చెప్పిన రకం వాడకపోతే గ్యారంటీ వర్తించదని మాత్రం ఖాయంగా చెప్పారు.

నిఖిలేష్ నేరుగా బంకుకు వెళ్లాడు. అమల ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"మొదటి సంది సాదాదే సార్. నేను అడిగిన గూడ. అన్న కొట్టుమన్నడు, కొట్టిన."

అక్కడి నుంచి దుకాణానికి వచ్చాడు. గిరాకీ తక్కువగా ఉన్న వేళ. ప్రహ్లాద్ సేట్ గద్దె మీద ఉన్నాడు. నర్సింహ మెట్టు దగ్గర కూర్చుని ఉన్నాడు.

"నర్సింహన్నా, సాదా పెట్రోల్ కొట్టిచ్చినవా?"

నర్సింహ లేచి నిలబడ్డాడు. "కొట్టిచ్చిన."

"నాకేమో తొంభై ఐదన్నవ్."

"అన్న."

"మరి రెండిటి నడుమ ఫరక్ పైసలు ఎటు పోయినయ్?"

ఆ ప్రశ్న నర్సింహ ఊహించలేదు. తిడతాడనుకున్నాడు, కొన్నాళ్లు వ్యాను మీదికి పంపిస్తాడనుకున్నాడు. తిరిగి సేట్ వైపు చూశాడు. సాదా పెట్రోల్‌కు సరిపడా పైసలే ఇచ్చిన చెయ్యి అక్కడే పరుపు మీద ఉంది. ఒక్క మాట చాలు. ప్రహ్లాద్ సేట్ కళ్లద్దాలు తీసి ధోవతి అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఆ తుడవడం ఎంతకీ అయిపోలేదు.

"నిన్ను నౌకర్ లెక్క చూసినమా అన్నా?" అన్నాడు నిఖిలేష్. గొంతు పెంచలేదు. "అమ్మకు ఏమన్నా అయ్యుంటే? అవసరముంటే అడగరాదు? దొంగతనం ఏంది?"

నర్సింహ జేబులోంచి దుకాణం వ్యాను తాళాలు తీసి గద్దె అంచు మీద పెట్టాడు. సేట్ అప్పుడు నోరు తెరిచాడు.

"చాయ్ తాగి పో నర్సింగా."

నర్సింహ తాగాడు. తాగకపోతే అది సేట్‌ను ఏదో అన్నట్టవుతుందని అతనికి అనిపించింది.

ఇంట్లో భార్య కొమురమ్మ ఊరుకోలేదు. "ఏమయ్యా, సేటే చెప్పిండని అనడానికి నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"అంటే ఏమైతది? తండ్రీకొడుకులు కొట్టుకుంటరు."

"కొట్టుకోనీ. మనకేం ఫికర్? రేపు అమ్మలక్కలు నన్నడుగుతరు, నీ మొగడు ఏం దొబ్బిండని. గప్పుడు నేనేం చెప్పాలె?"

ఆమె అన్నట్టే అయింది. నర్సింహ పెట్రోల్ పైసలు తిన్నాడని బేగంబజార్ డ్రైవర్లు చాయ్ హోటల్లో చెప్పుకున్నారు. కొందరు నమ్మలేదు. అన్నేళ్లలో ఎంత తిని ఉంటాడో అని కొందరు అంచనాలు వేశారు. ఆ మాట చాంద్రాయణగుట్ట బస్టాండు దాకా వచ్చింది.

కొన్నాళ్లు చూసి, నిఖిలేష్ బ్యాంకు పనిమీద వెళ్లే వేళ కనుక్కుని, నర్సింహ దుకాణానికి వెళ్లాడు. గద్దె మీద సేట్ ఒక్కడే ఉన్నాడు. చూడగానే పరుపు తట్టి కూర్చోమన్నాడు. నర్సింహ నిలబడే మాట్లాడాడు.

"నాకు నౌకరి వద్దు సేటూ. నేను పైసలు తినలేదని చిన్న సేట్‌కు ఒక్క మాట చెప్పుండ్రి. గంతే."

"నువ్వు తినలేదని నాకెరుక లేదా?"

"మీకెరుకైతే నాకేం లాభం సేటూ? ఇజ్జత్ పోయింది నాది."

సేట్ గల్లీలోకి చూశాడు. హమాలీలు కట్టలు మోసుకుపోతున్నారు.

"కుక్కర్ల కథ జూసినవ్ గదా. గిప్పుడు గిది గూడ నేనే చేసిన అంటే వాడు నన్ను ఈ గద్దె మీద కూసోనిస్తడా? ఇంట్ల కూసుంటే నేను బత్కుతనా నర్సింగా? నువ్వే చెప్పు."

 నర్సింహ అడుగుతున్నదేమిటో సేట్‌కు తెలుసు, సేట్‌కు పోయేదేమిటో నర్సింహకూ తెలుసు. ఇద్దరిలో ఒకరి పరువు పోవాలి. నర్సింహది అప్పటికే పోయింది కాబట్టి సేట్ దృష్టిలో లెక్క తేలిపోయినట్టే ఉంది.

అంతలో బయట స్కూటర్ ఆగింది. పని తొందరగా అయిపోయినట్టుంది, నిఖిలేష్ మెట్లెక్కుతున్నాడు. ప్రహ్లాద్ సేట్ నిటారుగా కూర్చున్నాడు. నర్సింహ వైపు తిరిగి గొంతు మార్చాడు.

"ఏం రా, మల్ల ఎందుకొచ్చినవ్ ఈడికి?"

దుకాణంలో గిన్నెలు తుడుస్తున్నవాళ్లు తలెత్తారు. నిఖిలేష్ మెట్టు మీద ఆగిపోయాడు. నర్సింహ ఇద్దరినీ ఒకసారి చూశాడు.

"ఏం లేదు సేటూ. ఇటెళ్లి పోతున్న. దండం పెట్టి పోదామని వచ్చిన."

దండం పెట్టి దిగిపోయాడు. ఆ తర్వాత బేగంబజార్ వెళ్లలేదు. ఇంట్లోకి గిన్నెలు, పప్పులు కావాలంటే కొమురమ్మ ఒక్కతే వెళ్తుంది, ఆ గల్లీ తప్పించి.