సుగ్గి పొద్దున గోడమీది గీత

బొమ్మలు గీయడమంటే నా చిన్నప్పుడు మా ఇంట్లో గోడ పాడు చేయడమే. అలా పాడు చేయమని బొగ్గుముక్క చేతికిచ్చింది మాత్రం మా అవ్వే.

మాది కోసిగి పక్కన పల్లె. వానలు మొహం చాటేస్తే ఊరు ఊరంతా సుగ్గికి పోయేది. కన్నడం వాళ్ళకు సుగ్గి అంటే పంట చేతికొచ్చే సంబరం. మాకేమో పిల్లల్ని ముసలివాళ్ళకు అప్పగించి, ఎవరి పంటో కోయడానికి నెలల తరబడి వలసపోవడం.

మా అమ్మ పోయే పొద్దున కొంగు పట్టుకుని ఊరు లేచిపోయేలా ఏడ్చేదాన్ని. ఒక ఏడు అవ్వ విసిగిపోయి అమ్మను గోడకు ఆనించి నిలబెట్టింది. "మీ యమ్మ సుట్టూ గీత గీయి మే. ఆయమ్మ పోయినా ఈయమ్మ యాడికీ పోదు" అంది. పాదాల దగ్గర మొదలుపెట్టి గీశాను. భుజాల దగ్గరికి వచ్చేసరికి చేయి అందలేదు. ఆ రాత్రి తల లేని అమ్మ పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

అప్పటి నుంచి సుగ్గి పొద్దున గీత గీయడం మా ఇంటి ఆనవాయితీ అయింది. అది చూసి మా నాయన ఒక మాటన్నాడు: "మీ యమ్మ నెత్తి మింద సెయ్యి అందిన యేడు నిన్నూ పిల్సకపోతా." ఇంకేం, నాకు పట్టుదల పట్టుకుంది. ఎత్తు పెరగాలని రోజూ వేపకొమ్మ పట్టుకుని వేలాడేదాన్ని. బడి ఎవరికి కావాలి! అమ్మతో మిరపచేలో ఉంటే చాలు నాకు.

ఒక ఏడు తప్పకుండా అందుతుందని తేలిపోయింది. నిరుటి గీత ఆగిన చోటికి జానెడు పైకే పోతోంది చేయి. వీధి చివర లారీ హారన్ కొడుతోంది, నాయన సామాన్లు మూట కడుతున్నాడు. నేను సంబరంగా అమ్మ పాదాల దగ్గర కూర్చున్నాను. ఎప్పుడూ పైకి ఎగదోపుకుని తిరిగే మనిషి ఆ రోజు కుచ్చెళ్ళు నేల మీదికి జారవిడిచింది. గీతకు అడ్డమని పక్కకు తీశాను. పగుళ్ళు బారిన ఆ మడమలు నేలకు ఆనలేదు. అమ్మ మునివేళ్ళ మీద నిలబడి ఉంది. పిక్కలు వణుకుతున్నాయి.

తలెత్తి చూశాను. అమ్మ నన్ను చూడటం లేదు, ఎదురుగా కొక్కేనికి వేలాడుతున్న నా బడిసంచిని చూస్తోంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నన్ను వద్దనుకుంటోంది అనుకున్నాను. అంతలో పైనుంచి మెల్లగా, నాకొక్కదానికే వినబడేలా, "బిరీన గీయి తల్లీ, కాళ్ళు నొప్పి పుడ్తాండాయి" అంది. ఆ గొంతు విన్నాక కోపం నిలవలేదు.

గబగబా గీశాను. నుదుటి దగ్గర చేయి ఆగింది. ఎగిరితే అందేదే. ఎగరలేదు.

"ఈ తూరీ అందలే" అన్నాడు నాయన. "సరేలే, బడికే పోనీ."

"యెట్లందుతాది, ఇంగా సన్నబిడ్డ!" అంది అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆమెకూ తెలుసని అప్పుడర్థమైంది.

అమ్మ మడమలు దించి, మూట నెత్తికెత్తుకుని లారీ ఎక్కింది. ఆ ఏడు నేను వెంటపడి ఏడవలేదు. మొహం కడుక్కుని, సంచి తగిలించుకుని బడికి పోయాను.

ఇప్పుడు ఆదోనిలో నా గదిలో కూర్చుని, ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన గుడ్డపై బొగ్గుతో ఆ బాల్యాన్నే గీస్తుంటాను. నిలువెత్తు అమ్మలు, వాళ్ళ కాళ్ళ దగ్గర బొగ్గు పట్టుకున్న పిల్లలు. మొన్న నా బొమ్మలతో ప్రదర్శన పెడుతున్న అమ్మాయి మర్యాదగానే అడిగింది: "మేడమ్, బాల్యం అన్నారు కదా, రంగులేవి, నవ్వులేవి? ఆ కాళ్ళు కూడా ఏదో తేడాగా ఉన్నాయి. మడమలు నేలకు దించితే బాగుంటుందేమో."

రంగులు కావాలంటే వేస్తానమ్మా, నవ్వులూ గీస్తాను అన్నాను. మడమలు మాత్రం దించను.