మూడో రంధ్రం వెనక తీగ లేదు

ఆ ఎండాకాలం మా ఆవిడ ఇంట్లో రబ్బరు చెప్పులు వేసుకుని, పాత మంచం తాలూకు చెక్క మీద కాళ్ళు పెట్టుకుని చీరలకు లేసు కుట్టేది. ఆ చెక్క ఆలోచన నాదే. కుట్టుమిషను ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటోందని ఆమె అంటే, ఎలక్ట్రీషియన్ను పిలవకుండా ఇంట్లో ఉన్న వస్తువులతోనే పని గడిపేశానని లోలోపల మురిసిపోయాను. మా నాన్నది కిరాణా కొట్టు, మేనమామది బట్టల దుకాణం, చిన్నాన్నది గిన్నెల అంగడి. ఖర్చు లేకుండా గడిచిన రోజు మా వంశంలో పండగ రోజు.

కానీ సూరత్ ఎండలో చెమటకు ఆ చెప్పులూ తడిసేవి. మిషను చక్రం మీద చెయ్యి పడగానే జుమ్మనేది, చెయ్యి అదిరేది, లేసు వంకర పోయేది. చీరలు తెచ్చిచ్చే గుజరాతీ బెన్ రెండుసార్లు మూటను తిప్పి పంపింది. అక్కడ ఏ ఆడమనిషినైనా బెన్ అనే పిలుస్తారు, మనం అక్క అన్నట్టు. మూడోసారి గుమ్మంలోనే నిలబడి, మళ్ళీ వంకరొస్తే మూట పక్క బిల్డింగుకు పోతుందని చెప్పి వెళ్ళింది. అమ్రోలి పేటలో మా అపార్టుమెంట్ల సొసైటీ చుట్టూ లేసు కుట్టే చేతులకు కొదవ లేదు. మా ఆవిడ సొంతంగా చిట్టీ కట్టి కొనుక్కున్న మిషను అది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఒక్క మాటే అంది.

"పని పోతే నేను ఊకోను. చెక్కలు గిక్కలు బంజెయ్యి. మనిషిని పిలువు."

పిలిచాను. మార్కెట్లో నేను పనిచేసే చీరల దుకాణంలో ఎవరో చెప్పారు, మన జగిత్యాల వైపు మనిషి, ఒకప్పుడు మగ్గాల కార్ఖానాలో ఉండేవాడు, ఇప్పుడు ఇళ్ళ వైరింగు చేస్తాడు అని. మర్నాడు పొద్దున వచ్చాడు. నల్లగా, పొట్టిగా, మీసం మెలేసి ఉన్నాడు. సంచి కింద పెట్టకముందే తన గురించి చెప్పేశాడు.

"సూరత్‌ల నేనేసిన వైరు ఇంకొకడు విప్పిండంటే నా పేరు మార్చుకుంట సేటూ. పేర్లు గుడ ఎతికి పెట్టుకున్న, ఇప్పటిదాంక అవసరం రాలె."

గొప్పలు చెప్పుకునేవాడు బేరంలో తొందరగా మెత్తబడతాడని నా అనుభవం. పొగిడి రేటు దింపొచ్చు. నేను ఉత్సాహంగా కుర్చీ ముందుకు లాక్కున్నాను. ఆయన నన్ను దాటిపోయి మా ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అక్కా, రోజు ఎట్ల కుడతవో గట్లనే కుట్టు. నేను చూస్త."

సంచి విప్పలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆమె కుట్టింది.

"ఇంట్ల చెప్పులెందుకక్కా?"

"కాలు కింద పెడితె జుమ్మంటదన్నా."

"ఈ చెక్కెవరు పెట్టిండ్రు?"

మా ఆవిడ నావైపు చూసింది. ఆయనా చూశాడు. "మంచిగుంది సేటూ," అన్నాడు. "రేపు ఫ్రిజ్జు జుమ్మంటె అప్పుడేం జేస్తవు? ఇల్లంత చెక్కలు పరుస్తవా?"

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా పెళ్ళయిన తరవాత నా పొదుపు మీద ఆమె అంత హాయిగా నవ్వడం అదే మొదలు.

అప్పుడు సంచి విప్పాడు. హోల్డరులో బిగించిన బల్బు, దానికి రెండు తీగలు. ఒక తీగను ప్లగ్గు పెట్టే చోట కుడి రంధ్రంలో, ఇంకో తీగను ఎడమ రంధ్రంలో పెట్టాడు. బల్బు వెలిగింది. ఎడమ తీగను తీసి పైనున్న పెద్ద రంధ్రంలో పెట్టాడు. వెలగలేదు. ఇంకో గదిలో చూశాడు, వంటింట్లో చూశాడు. ఎక్కడా వెలగలేదు. ఒక పలక ఊడదీసి మమ్మల్ని పిలిచాడు. రెండు రంధ్రాల వెనక తీగలున్నాయి. మూడో రంధ్రం వెనక సున్నం పొడి, సాలెగూడు.

"ఎర్తు లేదు," అన్నాడు. "బిల్డరు బొక్క ఇచ్చిండు, తీగ ఇయ్యలె."

నిజం చెప్పాలంటే నాకు ఆ బిల్డరు మీద కోపం కన్నా ముందు గౌరవం కలిగింది. కనబడేది ఇచ్చి కనబడనిది మిగుల్చుకున్నాడు. మా చిన్నాన్న బతికుంటే అతన్ని ఇంటికి పిలిచి భోజనం పెట్టేవాడు.

మిషను మోటారు విప్పితే లోపల ఒక వైరుకు తొడుగు ఊడి, రాగి బయటపడి, ఇనుముకు ఆనుకుని ఉంది. ఆయన ఆ వైరు మార్చేసి, మళ్ళీ బిగించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయిపాయె గదా! రోగం దొరికింది, మందు వేసినవు. ఇంక ఎర్తు ఎందుకు?"

"ఇయ్యాల గీ వైరు. రేపు గీజరుల ఇంకోటి. ఎర్తు తీగ ఉంటె కరెంటు మనిషిల పోకుంట భూమిలకు పోతది. దానికి తోడు, లీకైతె టక్కున పడిపోయే స్విచ్చి పెడత."

"మరి మామూలప్పుడు ఆ తీగల కరెంటు పోదా?"

"పోదు."

నా చిన్నప్పటి నుంచి నేర్చిన విద్యంతా ఒక్కసారి నాలుక మీదికి వచ్చింది. "కరెంటు పోని తీగకు నేనెందుకు పైసలియ్యాలె?"

ఆయన మీసం సవరించుకున్నాడు. "మీ దుకాణానికి షట్టరున్నదా?"

"ఉన్నది."

"అది ఏమన్న అమ్ముతదా?"

మా నాన్న ప్రతి వారం కొట్టు షట్టరుకు తనే నూనె పెట్టేవాడు. సరుకు మీద పడిన దుమ్ము దులపడం మరిచిపోయినా అది మరిచేవాడు కాదు.

అయినా బేరగాడు ఓడిపోయాక కూడా బేరం చేస్తాడు. నా దగ్గర చివరి అస్త్రం ఒకటి ఉంది. లేచి వెళ్ళిపోవడం. వరాఛా బజారులో, డుమస్ రోడ్డు మీద బజ్జీల బండి దగ్గర కూడా అది ఎన్నడూ తప్పలేదు. నాలుగడుగులు వేస్తే వెనక నుంచి పిలుపు వస్తుంది. ఆయన చెప్పిన రేటు వినగానే అలవాటుగా లేచాను. "నాతోటి కాదు," అని గట్టిగా అని బయటికి నడిచాను. మెట్లు దిగాను. కింది అంతస్తులో ఆగి చెవి రిక్కించాను. పిలుపు రాలేదు. కింద గేటు దాకా పోయి అక్కడా కాసేపు నిలబడ్డాను. వాచ్‌మన్ ఎక్కడికి పోతున్నారని హిందీలో అడిగాడు. సొంత ఇంట్లోంచి లేచి వచ్చినవాడు ఏం చెబుతాడు?

తిరిగి వచ్చేసరికి ఇద్దరూ చాయ్ తాగుతున్నారు. బేరం కుదిరిపోయింది. ఆయన అడిగినదానికి మా ఆవిడ ఒప్పుకుంది, మిషను పక్కన ఇంకో పాయింటు అదనంగా చెప్పింది కూడా.

"వచ్చినవా?" అంది. "చాయ్ సల్లారింది. ఉప్పు తేవాలెనట, పో."

"ఉప్పా? కరెంటు పనికి ఉప్పేంది?"

"ఎర్తుకు గుంత తవ్వి పైపు పెట్టాలె సేటూ," అన్నాడాయన. "పైపు చుట్టు ఉప్పు, బొగ్గు పొయ్యాలె. భూమి పచ్చిగ ఉంటెనే కరెంటును గుంజుకుంటది. ఉప్పు తడిని పట్టుకుంటది."

ఉప్పు తడిని పట్టుకుంటుందని నాకొకరు చెప్పాలా? వానాకాలం మా కొట్టులో ఉప్పు బస్తా కింద నేల ఎప్పుడూ చెమర్చి ఉండేది. దాన్ని ఎత్తుగా పెట్టలేదని నేను తిన్న తిట్లకు లెక్కలేదు. ఆ బస్తా కింద తడిని తిట్టుకున్నామే తప్ప, దాని వల్ల ఒకరికి ఉపయోగం ఉంటుందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నేను గల్లుప్పు బస్తా తెచ్చాను, ఇస్త్రీ బండివాడి దగ్గర బొగ్గులు తెచ్చాను, రెండు చోట్లా తృప్తిగా బేరమాడాను. ఆ రోజు నన్నెవరూ ఓడించని చోట్లు అవే.

కింద కాంపౌండు గోడ పక్కన గుంత మొదలుపెట్టగానే సొసైటీ సెక్రటరీ కాకా లుంగీ ఎగ్గట్టుకుని దిగాడు. "ఆ శూ ఛే?" అని కేకేశాడు. ఇదేమిటని. ఇది నా రంగం. కాకాకు సరుకు అమ్మాలి. కింద నీళ్ళ మోటారు కూడా వానాకాలం జుమ్మంటుంది కదా, దాన్నీ ఈ గుంతకే కలిపేస్తాం, సొసైటీకి ఖర్చే లేదు అన్నాను హిందీలో. కాకా కాసేపు మీసం కింద లెక్కవేసుకుని తల ఊపాడు.

"సేటూ," అన్నాడు గుంతలోంచి మా ఎలక్ట్రీషియన్, "మోటరు దాంక తీగ గుంజేది ఎవరు? నా చెయ్యిని నన్నడగకుంటనే అమ్ముకున్నవు గదా!"

"నువ్వు నా మాట వినకుంటనే నా ఇంట్ల బేరం చేసుకోలె?"

ఆయన గుంతలోనే కూర్చుని నవ్వాడు. తీగ మాత్రం గుంజాడు, ఒక్క మాట అదనంగా అడగలేదు.

తరవాత ఇంట్లో పని. నేను చూడ్డానికి సెలవు పెట్టాను, కాపలా కాయడానికని చెప్పి. గోడ కొయ్యకముందు ఆయన చేసిన మొదటి పని బెన్ ఇచ్చిన చీరల మూటను దుప్పటిలో చుట్టి, ఇంకో గదిలో మంచం మీద పెట్టి తలుపు మూయడం. "మగ్గాల కాడ పనిచేసినోనికి దుమ్ము బట్టనేం చేస్తదో ఎరుక," అన్నాడు. నీలంలో ముంచిన దారం గోడకు పట్టి లాగి వదిలితే నిట్టనిలువు గీత పడింది. ఆ గీత దాటి ఉలి ఎక్కడా పోలేదు. ఎర్ర తీగ, నల్ల తీగ, వాటి పక్కన పచ్చ తీగ. పలకలు బిగించాక స్క్రూల గాట్లన్నీ ఒకే దిక్కున నిలిచాయి. ఎందుకలా అని అడిగితే, "ఊకెనే. వంకర ఉంటె నాకు రాత్రి నిద్ర పట్టది," అన్నాడు. వెళ్ళేముందు చీపురు అడిగి తనే ఊడ్చాడు. నేను వంకలు వెతకడంలో పేరున్న మనిషిని. ఒక్కటీ దొరకలేదు. అందుకు కాస్త బాధ కూడా కలిగింది.

బల్బు మళ్ళీ తీసి, ఒక తీగ కుడి రంధ్రంలో, రెండోది మూడో రంధ్రంలో పెట్టాడు. వెలిగీ వెలగకముందే కొత్త స్విచ్చి టక్కుమని పడిపోయింది. పనిచేస్తోందన్నమాట.

అప్పుడు నేను అలవాటుగా నోరు తెరిచాను. ఎంత బాగున్నా చివరికి ఏదో ఒకటి తగ్గించమని అడగకపోతే మా నాన్న ఆత్మ శాంతించదు. ఆయన నా కన్నా ముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొసరు ఇచ్చేసిన సేటూ. అక్కడ చూడు."

మిషను పైన, గోడకు ఎడమవైపు, చిన్న దీపం ఒకటి బిగించి ఉంది. ఎప్పుడు పెట్టాడో నేను గమనించలేదు. మా ఆవిడ కూర్చుని సూది కింద గుడ్డ పెట్టింది. ఇన్నాళ్ళూ పడినట్టు ఆమె చేతి నీడ సూది మీద పడలేదు. మొదటి రోజు చేతులు కట్టుకుని నిలబడి ఆయన చూసింది అదీ. కొసరు అడిగి తీసుకోవడమే నాకు తెలుసు. అడగకముందే, అదీ సరిగ్గా కావలసిన చోట ఇచ్చినవాణ్ణి నా బజారు జీవితంలో అంతకుముందు చూడలేదు. మీసం మెలేసుకోవడానికి ఆయనకు హక్కుందనిపించింది.

మర్నాడు మా ఆవిడ చెప్పులు గుమ్మం బయట విడిచి, చెక్కను నాచేతనే పారేయించి, ఒట్టి కాళ్ళు నేలకు ఆనించి పెడల్ తొక్కింది. సాయంత్రానికి మూట అయిపోయింది. బెన్ వచ్చి ఒక్కొక్క చీర లేసు మీద బొటనవేలు జరుపుకుంటూ పోయింది. వేలు ఎక్కడా ఆగలేదు. ఇంకా పెద్ద మూట కింద దించింది. దించి, ఎక్కువ పని కదా, చీరకు ఇచ్చే కూలి కొంచెం తగ్గించుకోమంది.

మా ఆవిడ లేచి, ఒట్టి కాళ్ళతో తాపీగా వంటింట్లోకి నడిచిపోయింది. సొంత ఇంట్లో ఆ అస్త్రం పనిచేయదని చెబుదామని నేను నోరు తెరిచేలోపే, కాస్త ఆగి వినమంటూ వెనక నుంచి బెన్ కేక వినబడింది.

"అరే బెన్, సునో తో!"