తుమ్ములతో సహా

దర్శి నుంచి వచ్చిన వెంకయ్య గుంటూరు కోల్డ్ స్టోరేజీలో నలభై బస్తాల మిర్చి పెట్టాడు. ఆఫీసులో ఇచ్చిన రసీదులో నలభై లక్షల బస్తాలని పడింది. ఆయన చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, "అన్నీ ఒకేసారి ఇమ్మననులేమ్మా, నిదానంగానే తీసుకెళతా" అన్నాడు.

రసీదు కొట్టిన సిద్దికాకు నవ్వు రాలేదు. వైర్‌లెస్ కీబోర్డు మీద ఒక్కసారి నొక్కి వేలు తీసేసినా సున్నాలు పిల్లలు పెట్టడం కొన్నాళ్ళుగా జరుగుతోంది. లోపం వేలిదేనని మేనేజరు శ్రీకృష్ణ గారు తేల్చేశారు. ఇంకోసారి జరిగితే కంప్యూటరు వేరేవాళ్ళకిచ్చి, ఆమెను గేటు దగ్గర ఎండలో లారీలు చూసుకోమంటానన్నారు. పాపం సిద్దికా గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది. వేలికి బామ్ రాసింది. ఆ వేలిని చెడుతిరుగుళ్ళు తిరిగే కొడుకుని చూసినట్టు చూడసాగింది.

చివరి అవకాశంగా శ్రీకృష్ణ గారు తన తోడల్లుడు లక్ష్మీకాంత్‌కు కబురు పెట్టారు.

లక్ష్మీకాంత్‌కు ఒకటే పిచ్చి. ఏది చెడినా తన కళ్ళముందు మళ్ళీ చెడితే గాని ముట్టుకోడు. మంగళగిరిలో ఒక ఆఫీసులో డ్రైవర్లు రాయడం అతని పని. డ్రైవర్లంటే బండి తోలేవాళ్ళు కారు. కంప్యూటరుకు గుండెకాయలాంటి కెర్నల్ అనే ప్రోగ్రాము ఉంటుంది. మౌసూ కీబోర్డూ పంపే కబుర్లను దానికి చేరవేసే చిన్న ప్రోగ్రాములే డ్రైవర్లు.

ఆ పిచ్చి ఇంటికీ పాకింది. మిక్సీ ఆగిపోయిందని భార్య భవ్య చెబితే, "ఏ పప్పు వేశావు? ఎంతసేపు నానింది? ఏదీ, మళ్ళీ నానబెట్టు" అంటాడు. ఇడ్లీలు మర్నాటికి వాయిదా పడతాయి. ఒక పెళ్ళిలో పెదనాన్న మండపం మెట్ల మీద జారిపడ్డారు. లక్ష్మీకాంత్ పరిగెత్తుకెళ్ళి లేవదీశాడు, పంచె దులిపాడు, మంచినీళ్ళు తాగించాడు. ఆ తర్వాత, "ఏదీ పెదనాన్నా, అవే చెప్పులేసుకుని ఇంకోసారి దిగండి" అన్నాడు. ఆయన ఇప్పుడు శుభలేఖ అందగానే లక్ష్మీకాంత్ వస్తున్నాడా అని కనుక్కుంటారు.

అలాంటివాడు వచ్చి సిద్దికా పక్కన కూర్చున్నాడు. ఆమె సున్నా నొక్కింది. ఒకటే పడింది. ఏదీ, మళ్ళీ అన్నాడు. మళ్ళీ ఒకటే. కీబోర్డు అత్తగారి ముందు కొత్తకోడలిలా ఒద్దికగా ఉంది. మర్నాడూ అంతే. మరో రోజు వచ్చినా అంతే. శ్రీకృష్ణ గారు గేటు వైపు చూడటం మొదలుపెట్టారు. 

ఎక్కడినుంచో మిర్చి ఘాటు తగిలి లక్ష్మీకాంత్ ఇల్లెగిరిపోయేలా తుమ్మాడు. ముక్కు తుడుచుకుంటూ, "నేను రాని రోజుల్లో కూడా ఈ గది ఇలాగే ఉంటుందా సిద్దికమ్మా?" అని అడిగాడు.

"ఇలా ఎందుకుంటుంది సార్? బ్రోకర్లు తెచ్చే మచ్చు బస్తాలు ఇక్కడే నిలబెడతారు. మీకు ఘాటు పడదని, మీరొచ్చే ముందు అవతల పెట్టిస్తున్నా."

లక్ష్మీకాంత్ ఆమె వైపు కన్నార్పకుండా చూశాడు. బస్తాలన్నీ వెనక్కి తెప్పించమన్నాడు. తుమ్ములతో సహా అన్నీ ఎప్పటిలాగే ఉండాలన్నాడు.

హమాలీ కోటేష్ బస్తాలు తెచ్చి, సిద్దికా బల్లకూ మూలనున్న కంప్యూటరు డబ్బాకూ మధ్య గోడలా పేర్చాడు. కాయ విరక్కుండా నీళ్ళు చిలకరించి తొక్కిన బస్తాలవి, ఇంకా చెమ్మగానే ఉన్నాయి. సిద్దికా సున్నా నొక్కి వేలు తీసింది. బల్ల మీది తెర ఈ చివర నుంచి ఆ చివరకు సున్నాలు బారులు తీరాయి.

"అబ్బ, ఎంత చక్కగా చెడిందో" అన్నాడు లక్ష్మీకాంత్, ఘాటుకు కళ్ళు కారిపోతుంటే.

తర్వాత విడమరిచి చెప్పాడు. కీబోర్డు పంపే కబుర్లు అందుకునే బుల్లి రిసీవరు కంప్యూటరు వెనక ఉంది. నొక్కానన్న కబురు దానికి చేరుతోంది. తీశానన్న కబురు ఒక్కోసారి ఆ తడిబస్తాల్లోనే ఇంకిపోతోంది. వేలు ఇంకా అక్కడే ఉందనుకుని డ్రైవరు సున్నాలు పోస్తూనే ఉంది. "తప్పు మీ వేలిది కాదమ్మా" అన్నాడు.

భోజనాల వేళకల్లా, కీబోర్డు నుంచి కబురు తెగితే వేలు తీసినట్టే లెక్కని డ్రైవరులో రాసేశాడు. బస్తాలు కదపకుండానే సిద్దికా ఎన్నిసార్లు నొక్కినా ఒకటే సున్నా. ఆమె ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు లక్ష్మీకాంత్ ఆ కొత్త డ్రైవరును తీసేసి, పాతదే మళ్ళీ పెట్టాడు. సిద్దికాకు మతిపోయింది. అతను శ్రీకృష్ణ గారిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, పేరు కొట్టమన్నాడు.

శ్రీకృష్ణణణణణణణ అని పడింది.

వేలు ఆనిందిలే అన్నారాయన. ఏదీ, మళ్ళీ అన్నాడు లక్ష్మీకాంత్. గోరు తగిలిందన్నారు. ఏదీ, మళ్ళీ. కాసేపు బాగానే పడేది. అదిగో చూశావా అనేలోపు ణకారాలు మళ్ళీ బారులు తీరేవి. టీలొచ్చాయి, గ్లాసులు వెళ్ళాయి. గుమ్మంలో బ్రోకర్లు చేరారు. "వేలికి బామ్ రాయమంటారా సార్?" అని కోటేష్ ఎంతో వినయంగా అడిగాడు.

ముక్కు మిరపపండై, చొక్కా తడిసి, చివరికి శ్రీకృష్ణ గారే అందరి ముందూ అన్నారు. "సిద్దికా, నీ వేలికేం రోగం లేదమ్మా. ఈ కుర్చీ నీదే."

ఆ మాట పూర్తికాగానే లక్ష్మీకాంత్ కొత్త డ్రైవరు ఎక్కించేశాడు. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఇదెప్పుడు తయారైందని శ్రీకృష్ణ గారు అడిగితే, సంతోషంలో సిద్దికా నోరు జారి, మధ్యాహ్నమే అనేసింది.

"మధ్యాహ్నమే బాగైతే పొద్దుగూకేదాకా నా చేత ఎందుకు కొట్టించావయ్యా?" అన్నారాయన తుమ్ముకూ తుమ్ముకూ మధ్య.

"డ్రైవరు మధ్యాహ్నమే దారికొచ్చింది అన్నయ్యగారూ, మీకే కాస్త టైం పట్టింది."