పొయ్యి వెలిగించని రోజులు

మా ముత్తాత చాకవేలు పక్కన రెండు గ్రామాలకు జోడిదారు. అంటే సర్కారుకు నామమాత్రంగా కందాయం కట్టి, ఊళ్ళ శిస్తు తానే వసూలు చేసుకునే హక్కున్నవాడు. ఆయన తండ్రికీ, తాతకూ అదే హక్కు ఉండేది. మా ఇంటి అరుగు మీద ఆయన చెప్పిన తీర్పును కాదని సర్కారు కచేరీకి పోయినవాడు లేడని మా అవ్వ చెప్పేది. తాత కాలంలో జోడి రద్దయింది. దున్నేవాడిదే భూమి అని చట్టం వచ్చాక కౌలుకిచ్చిన పొలాలు కూడా పోయాయి. మా నాయన బాగేపల్లిలో ఒక సహకార సంఘంలో గుమాస్తాగా పనిచేశాడు. ఎవరైనా అడిగితే కాలక్షేపానికి పోతున్నానని చెప్పేవాడు. ముప్పై ఏళ్ళ కాలక్షేపం తర్వాత అలాగే చనిపోయాడు. ఆయనకు నేనొక్కతినే కూతురిని.

ఇదంతా గొప్ప కోసం రాయడం లేదు. పరీక్ష గదిలోకి నేను ఒక్కదాన్నే పోలేదని, వీళ్ళందరినీ వెంటబెట్టుకొని పోయానని చెప్పడానికి రాస్తున్నాను.

నేను రాసింది సివిల్ జడ్జి పరీక్ష. లా చదివి, చింతామణిలో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. రోజూ బాగేపల్లి నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. వాయిదాలు రాసుకోవడం, ఫైళ్ళు మోయడం, క్లయింట్లకు కాఫీ చెప్పడం నా పని. ఆ పనిలో తలవంపులు ఏమీ లేవని నాకు నేనే చెప్పుకునేదాన్ని. అరుగు మీద తీర్పులు చెప్పిన ఇంటిపిల్ల మళ్ళీ తీర్పు చెప్పే కుర్చీలో కూర్చుంటే, మధ్యలో పోయిన రెండు తరాలూ పోనట్టే అని అమ్మ నమ్మకం. నాదీ అదే.

మొదటిసారి తొలి దశలోనే పోయింది. రెండోసారి మెయిన్స్ దాకా వెళ్ళి పోయింది. మూడోసారికి వయసు పరిమితి దగ్గరికొచ్చింది. అది దాటితే ఇక లేదు.

మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. జోడిదారు లెక్కల విచారణకు చిక్కబళ్ళాపురం పోయిన రోజు, ఆయన తిరిగొచ్చి కాళ్ళు కడుక్కునేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఆడవాళ్ళు ఏమీ తినరు. ఆయన బువ్వలో మొదటి ముద్ద నోట పెట్టుకున్నాకే మిగతావాళ్ళు. తాత భూముల కోర్టుకు తిరిగినన్నాళ్ళూ అవ్వ అలాగే ఉంది. భూములు నిలవలేదు కానీ కట్టడి నిలిచింది. పరగోడు నుంచి కోడలిగా వచ్చిన అమ్మ దాన్ని అవ్వ కంటే గట్టిగా పట్టుకుంది. మిగిలింది అదొక్కటే కదా. నేను పరీక్షకు పోయిన ప్రతి రోజూ అమ్మ పొయ్యి వెలిగించేది కాదు.

అమ్మకు షుగరు. పూటపూటకూ మాత్ర మరవకూడదని డాక్టరు బెదిరించాడు. అందుకని మాత్ర వేసుకునేది. కట్టడి ఉంది గనుక తినేది కాదు. డాక్టరు మాటా, ఇంటి పెద్దల మాటా నిలబెడుతున్నానని అనుకునేది. ఖాళీ కడుపున ఆ మాత్ర మనిషిని పడేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసీ, గట్టిగా చెప్పలేదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు.

మూడోసారి చదివిన ఏడాది నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. చదివిన సెక్షను పేజీ తిప్పగానే చెరిగిపోయేది. దువ్వెన నిండా వెంట్రుకలు. కోర్టు క్యాంటీన్‌లో గుమాస్తాలు నన్ను చూసి నవ్వేవాళ్ళు.

"జడ్జమ్మ వచ్చినాది, లేసి నిలబడండప్పా!"

"ఏమ్మా, ఈ తూరైనా అవుతాదా? మా రిటైర్మెంటు లోపల నీ ముందర ఒక వాయిదా తీసుకోవాలని ఆశ ఉండాది."

నేను టీ సగంలో వదిలేసి లేచేదాన్ని.

ఆదివారాలు చిక్కబళ్ళాపురంలో కోచింగ్. నా కంటే ఎనిమిదేళ్ళు చిన్న పిల్ల ఒకతె నా పక్కన కూర్చునేది. ఒక సాయంత్రం బస్టాండులో నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది.

"అక్కా, నాకు శానా భయమైతాంది. రాత్రి నిద్ర పడతా లేదు. నీకు భయం కాదా?"

"మా ఇంట్లో భయపడరు" అన్నాను.

ఆ పిల్ల చెయ్యి వదిలేసింది. తర్వాతి వారం నుంచి వేరే అమ్మాయి పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్ళు, కలిసి బజ్జీలు తినేవాళ్ళు, కలిసి చదివేవాళ్ళు. నేను వాళ్ళను చిన్నచూపు చూశాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు అవునని ఒక్క మాట చెప్పి ఉంటే నా ఏడాది కొంచెం వేరుగా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మెయిన్స్ బెంగళూరులో, రెండు రోజులు. మొదటి రోజు తెల్లవారుజామున బయలుదేరి, పొద్దుగూకాక ఇల్లు చేరాను. అమ్మ తలుపు తీసింది. తీసి, గోడ పట్టుకుంది. ముఖం నిండా చెమట. మాటలు ముద్దముద్దగా వచ్చాయి. నేను చక్కెర నీళ్ళు కలిపి నోటి దగ్గర పెడితే చేత్తో అడ్డుకుంది.

"నువ్వు తిన్యాక."

"అమ్మా, తాగు."

"ముందు నువ్వు కాళ్ళు కడుక్కో పో."

చెంబెడు నీళ్ళు కూడా సరిగా పోసుకోకుండా కాళ్ళు తడుపుకొని వచ్చి, డబ్బాలో ఉన్న చక్కెర చిటికెడు నోట్లో వేసుకొని "తిన్నాను" అన్నాను. అప్పుడు తాగింది. కాసేపటికి చూపు కుదుటపడింది. ఆ తర్వాత పొయ్యి వెలిగించింది.

"రేపు నువ్వు తినాల. లేకుంటే నేను పోను" అన్నాను. నా జన్మలో అమ్మతో అలా మాట్లాడటం అదే మొదలు.

"నా సంగతి నాకు తెలుసు. నువ్వు పరీక్ష రాసుకో. మీ నాయన ఉండింటే ఈ మాట అంటివా?"

తెల్లవారి పోతూ పోతూ, పక్కింట్లో బాడుగకు ఉండే పూలు అమ్మే ఆమెను పిలిచి, అమ్మను ఒక కంట కనిపెట్టమన్నాను. "పోయి రా అక్కా, నేనుండా గదా" అంది.

రెండో రోజు మధ్యాహ్నం చివరి పేపరు. తీర్పు రాయాలి. వాది ఎవరు, ప్రతివాది ఎవరు, సాక్షులు ఏమన్నారు అని రెండు పేజీలు ఇచ్చారు. అది నేను బాగా రాయగలిగిన పేపరు. మా సీనియర్ కూడా ఆ మాట ఒప్పుకునేవాడు. మొదటి గంట బాగానే రాశాను. విచారణాంశాలు వరుసగా పెట్టాను. మొదటి అంశానికి వచ్చేసరికి కాగితం మీద అమ్మ కనపడింది. గోడ పట్టుకొని నిలబడి ఉంది. ఫోను బయట అప్పగించాను. అడగడానికి మనిషి లేదు. గడియారం చూశాను. పేపరు అయిపోయేదాకా కూర్చుంటే ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మళ్ళీ పెన్ను పెట్టాను. అక్షరం గీత దాటిపోయింది. వాది పేరు రాయవలసిన చోట ప్రతివాది పేరు రాశాను. కొట్టేశాను. మళ్ళీ అదే రాశాను.

లేచి నిలబడ్డాను. పర్యవేక్షకురాలు దగ్గరికొచ్చి కన్నడలో మెల్లగా, ఇంకా గంటన్నర ఉంది, కూర్చో తల్లీ అంది. కాగితాలు ఆమె చేతిలో పెట్టాను. తీర్పు పూర్తి కాలేదు.

బస్సులో కిటికీ పక్కన వీపు ఆనించకుండా కూర్చున్నాను. ఏడవలేదు. బయటికి రాగానే చేసినా, చిక్కబళ్ళాపురం దాటాక చేసినా అమ్మ ఫోను ఎత్తలేదు. ఆ గంట ఎలా గడిచిందో నాకు గుర్తు లేదు.

ఇంటికి పోయేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ముఖం తేటగా ఉంది. ఫోను లోపల ఎక్కడో ఉందట.

"అప్పుడే వస్తివే! అయిపోయినాదా?"

"సులభంగా ఉండె. బిరిన రాసేస్తిని."

అమ్మ ముఖం వెలిగింది. అంత సంతోషంగా ఆమె లేవడం నాయన పోయాక చూడలేదు. పొయ్యి వెలిగించి, కంది పప్పుతో బువ్వ వండింది. "సులభంగా ఉండెనంట" అని వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పింది కూడా. మా ఇంట్లో ఏ సంగతీ వీధిలో చెప్పరు.

ఫలితాలు వచ్చిన రోజు నా నంబరు లేదు. అమ్మకు చెప్పాను. లోపలికి పోయి పడుకుంది. ఆ రోజు తినలేదు. మర్నాడు కూడా ఒక ముద్ద తిని లేచింది. మూడో రోజు పూలామె నన్ను సందులోకి పిలిచింది.

"అక్కా, ఒక మాట చెప్తా, నన్ను తిట్టొద్దు. పెద్దమ్మ ఏడుస్తాండాది. తాను తిన్నందుకే నీకు పోయిందంట."

"తిన్నదా? యాడ?"

"మా ఇంట్లో. నువ్వు కడాపటి పరీక్షకు పోయిన దినం. నువ్వు దిగులు పెట్టుకుంటావని ఆయమ్మే వచ్చినాది. 'మా పొయ్యి వెలిగించకూడదు, మీ పొయ్యి మీద కాంచిన గంజి ఉంటే రవంత పోస్తావా' అనె. రాగి గంజి పోస్తి. గడప కాడ నిలబడుకొనే తాగె. రెండు పూటలా తాగె. ఎవురికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకొనె."

మా అమ్మ ఆ ఇంట్లో ఎన్నడూ మంచినీళ్ళు కూడా తాగలేదు. పరాయి గడప దగ్గర చెయ్యి చాచింది లేదు. ఆ రోజు చాచింది. ఆమె రెండో పూట గంజి కూడా తాగి ఉన్న వేళకు నేను, ఆమె తినలేదని, పరీక్ష వదిలేసి లేచాను.

చెప్పకుండా ఉంటే, కట్టడి తప్పినందుకు నా బిడ్డ ఓడిపోయిందని అనుకుంటూ ఆమె మిగిలిన రోజులు బతుకుతుంది. చెబితే ఏమవుతుందో నాకు తెలియలేదు. అయినా చెప్పాలని లోపలికి పోయాను.

"అమ్మా, నువ్వు గంజి తాగితివని తెలిసినాది. దానికీ దీనికీ ఏం లేదు. నేను పేపరు సగంలో వదిలేసి వస్తిని. సులభంగా ఉండెనని అబద్ధం చెప్తిని."

అమ్మ లేచి కూర్చుంది.

"ఏంటికి వదిలేస్తివి?"

"నువ్వు తినలేదనుకొని."

ఆమె నా వైపు చూడలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని అంది.

"తినకున్నా నేనే. తిన్యా నేనే. ఎట్ల చూసినా నేనే గదమ్మా."

కాదని చెప్పాను. ఎన్ని విధాల చెప్పవచ్చో అన్ని విధాలా చెప్పాను. వాదించడం నా వృత్తి. ఆమె తల ఊపింది కానీ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. నేను ఈ మధ్య కూడా అడిగాను. మాట మార్చింది.

ఇప్పుడు అమ్మ వేళకు తింటుంది. నేను ఎక్కడికి పోయినా పొద్దున్నే పొయ్యి వెలుగుతుంది. ఆ మార్పు కోసం ఏడాదికి పైగా లోలోపల పోరాడాను. వచ్చిన రోజు నాకు సంతోషం కలగలేదు. చింతామణి కోర్టుకు అలాగే పోయి వస్తున్నాను. గుమాస్తాలు జడ్జమ్మా అని పిలవడం మానేశారు. వాళ్ళు పిలిచినప్పటి కంటే అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

పరగోడులో అమ్మకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరా పది గుంటల చేను ఉండేది. జడ్జి పేరున సొంత నేల ఉండాలని, దాన్ని నా పేరున రాయించేందుకు అన్నాళ్ళూ అట్టే పెట్టుకుంది. ఫలితాలు వచ్చిన మూడో నెలలో బాగేపల్లి రిజిస్ట్రారు ఆఫీసుకు తానే పోయి దాన్ని అమ్మేసింది.