మూడు మెట్ల కింద నా గొంతు

నిన్న మిడిల్ పాయింట్ బజార్లో బెండకాయలు ఏరుకుంటుంటే పక్కన ఆగిన ఆటోలో మోగుతున్న పాటలోంచి నా గొంతు వినిపించింది. కూరలమ్మే భయ్యా చెవి రిక్కించి, "క్యా ఆవాజ్ హై దీదీ! ఇది ఆడగొంతా, మగగొంతా?" అన్నాడు. మామూలుగా అయితే అలాంటి ప్రశ్నకు అతని మూడు తరాలకు సరిపడా జవాబు చెప్పేదాన్ని. నిన్న మాత్రం ఏరిన కాయలు అక్కడే వదిలేసి దొంగలా ఇంటికి వచ్చిపడ్డాను.

ఆ గొంతుకు ఒకప్పుడు ఈ ఊళ్ళో పేరుండేది. కాసెట్ల కాలంలో మా అన్నయ్య, అతని బెంగాలీ స్నేహితుడు, నేను కలిసి ఒక బ్యాండు నడిపాం. తబలా లేదు, వయొలిన్ లేదు. అన్నీ కరెంటు వాయిద్యాలే. మద్రాసు ఓడలో తెప్పించుకున్న సింథసైజర్ మీద అన్నయ్య వాన, సముద్రం, చివరికి రైలు కూడా పలికించేవాడు. జన్మలో రైలెక్కని దీవి పిల్లలు ఆ కూతకే ఈలలు వేసేవారు. కరెంటు పోతే మాత్రం బ్యాండు మొత్తం మాయమై, పందిట్లో నా ఒక్కదాని గొంతే మిగిలేది. అప్పట్లో దానికి భయమంటే తెలియదు.

రిటైరైన అన్నయ్యకు కిందటేడు కొత్త ఆల్బం చేద్దామని బుద్ధి పుట్టింది. డిగ్లీపూర్‌లో వరి సాగు చేసుకుంటున్న ఆ స్నేహితుడు డ్రమ్ముల లయ ఫోన్లోనే పంపేశాడు. నేను మాత్రం ససేమిరా అన్నాను. అంతకు రెండేళ్ళ ముందు నాకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. "మాట వస్తుందమ్మా, పాట సంగతి చెప్పలేను" అన్నాడు డాక్టరు. మాట వచ్చింది, రాలేదని మా ఇంట్లో ఎవరూ అనరు. పాట మాత్రం ఒక్కసారైనా ప్రయత్నించలేదు, స్నానాలగదిలో కూడా. పాడనంతకాలం అది ఉన్నట్టే కదా! పాడితే తెలిసిపోతుంది. ఆ తెలియడమంటేనే నాకు చచ్చేంత భయం. అన్నయ్యతో మాత్రం, "ఈ వయసులో ఆ కీచు వాయిద్యాలేమిటి, జనం నవ్విపోతారు" అని దెబ్బలాడాను.

చివరికి అన్నయ్య కూతురు పాడటానికి ఒప్పుకుంది. ప్రోతరాపూర్‌లో వాళ్ళ మేడమీది గదిలో, కిటికీలకు పరుపులు ఆనించి రికార్డింగు. తప్పులు పట్టడానికి నన్ను పిలిచారు. ఆ పనికి నాకన్నా తగినవాళ్ళు లేరు. పిల్లకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. పాటను హిందీ అక్షరాల్లో రాసుకుంది. ఆ అక్షరాల్లో మన పొట్టి 'నె' లేదు, పొడుగు 'నే' ఒక్కటే. "నెల తిరిగేలోగా నీ ఓడ వస్తుందా" అన్న చరణాన్ని "నేల తిరిగేలోగా" అని ఎత్తుకుంది.

"ఆపవే! మన దీవుల్లో నేల తిరిగితే పాటలు పాడరు, సునామీ వస్తుందని గుట్టెక్కుతారు. నేల కాదు, నెల!"

"బోల్‌నా తో ఆసాన్ హై అత్తా, మాటగా అనడం తేలికే. రాగం తీస్తే సాగిపోతోంది. నువ్వు పాడి చూపించు మరి!"

కోపంలో నోరు తెరిచేశాను. 'నెల' పొట్టిగా, పొందిగ్గా వచ్చింది. పైకి వెళ్ళాల్సిన 'వస్తుందా' దగ్గర గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్ల తల దించుకుంది. రెండేళ్ళుగా నేను తప్పించుకు తిరిగిన సంగతి ఆ గదిలో అందరికీ ఒక్కసారే తెలిసిపోయింది.

అన్నయ్య నా వైపు చూడలేదు. సింథసైజర్ మీద ఏదో మీట నొక్కి, "శ్రుతి మూడు మెట్లు దించాను. రా" అన్నాడు.

"నాకోసం పాటను దించక్కర్లేదు."

"నీకోసం కాదే గయ్యాళీ! నా చెవులూ ముసలివయ్యాయి. పై మెట్లు నాకు వినపడటం లేదు."

అది నిజమో, నా మొహం చూసి అప్పటికప్పుడు ఆడిన అబద్ధమో ఇప్పటికీ అడగలేదు. పాడాను. గరుగ్గా, సగం ఊపిరితో, నాకే పరిచయం లేని మనిషెవరో పాడినట్టు వచ్చింది. గొంతు విరిగిన చోట ఆపబోతే అన్నయ్య చెయ్యెత్తి కానిమ్మన్నాడు. ఆ విరుపుతో సహా పిల్ల దాన్ని ఆల్బంలో ఉంచేసింది. నిన్న ఆటోలో మోగింది అదే.

భయం పోయిందని చెప్పను. మునుపు గొంతు పోయిందేమోనన్న భయం, ఇప్పుడు ఈ మిగిలింది కూడా పోతుందేమోనన్న భయం. కాలం నన్ను ఒక్కసారిగా తోసెయ్యడం లేదు, మెట్టు మెట్టుగా దించుతోంది. కింద ఇంకెన్ని ఉన్నాయో సింథసైజర్ మీదైతే లెక్కపెట్టుకోవచ్చు గాని, నాలో లెక్కపెట్టుకోలేను.